వచ్చినవాడే ఆర్పాల్సిన దీపం

చిన్నప్పుడు మా ఇంట్లో మిరప కల్లం ఎత్తేశారంటే నాకూ అమ్మకూ ప్రయాణమే... గురజాల నుంచి బస్సు మీద బస్సు మారి, ఘాటుకు తుమ్ముకుంటూ, ఒళ్ళో మిరపకాయల మూటతో సముద్రపు ఒడ్డుకి.

అదొక పాత రేవు పట్నం. ఎప్పుడో పెద్ద ఓడలు ఆగేవట. మేం చూసేనాటికి చేపల పడవలే. అక్కడ కాటమ్మ అత్త ఉండేది. చుట్టరికం ఏమీ లేదు... మా మిరపకాయలు ఆమె తీసుకునేది, ఆమె ఎండు నెత్తళ్ళు మేం తెచ్చుకునేవాళ్ళం. మానికకు మానిక. ఆ కొలతల్లోనే వరసలు కలిసిపోయాయి.

"ఏందొదినా, ఈ ఏడు కాయలో కారం చచ్చింది?" అనేది అత్త, కాయ కొరికి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే.

"నీ చేపలో ఇసక మాత్రం చావలేదులే," అనేది అమ్మ.

రేవులో పాత సుంకం బంగళా ఒకటి. దాని మిద్దె మీద ఇనప గూడు, గూట్లో దీపం. అది రోజూ వెలిగేది కాదు. పొద్దుగూకేసరికి పడవలన్నీ ఒడ్డు చేరితే గూడు చీకటే... ఒక్క పడవ రాకపోయినా, ఎవరి వంతైతే ఆ ఇంటివాళ్ళు నూనె తెచ్చి వెలిగించేవాళ్ళు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఆ దీపాన్ని వేరేవాళ్ళు ఆర్పకూడదు. ఆలస్యంగా వచ్చినవాడే మెట్లెక్కి తన చేత్తో ఆర్పాలి. దీపం ఆరిందంటే... మనిషి ఇల్లు చేరాడని ఊరికి కబురు.

ఓ సాయంత్రం అత్త మొగుడు ఎంకన్న మామ పడవ రాలేదు. దీపం వెలిగింది. అత్త బంగళా మెట్టు మీద కూర్చుంది, పక్కన నేను. వంతు కానివాళ్ళు కూడా చిన్న గిన్నెల్లో నూనె తెచ్చి పోసి, పోయారు. తెలతెలవారుతుంటే మామ వచ్చాడు, ఒళ్ళంతా తడిసి, వణుకుతూ...

"ఊరి నూనంతా తాగించావు గదయ్యా," అంది అత్త. "పో, ముందు ఆర్పు."

అతను ఆర్పి కిందికి దిగాకే ఆమె ఏడ్చింది.

చాలా ఏళ్ళకు, బడి లేకుండా, నాకు నేనే కూడబలుక్కుంటూ బైబిలు వాక్యం చదువుకున్నాను. తప్పిపోయిన గొర్రె కథ దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు కాపరి కనపడడు... ఆ ఇనప గూడే కనపడుతుంది. తొంభై తొమ్మిది ఇల్లు చేరినా, రాని ఒక్కదాని కోసం వెలిగే దీపం.

తర్వాతొక తుఫానులో మామ రాలేదు. అందరూ ఆశ వదులుకున్నాక పెద్దలు వచ్చి దీపం ఆర్పుదామన్నారు. "ఆర్పాల్సినోడు రానీయండి," అంది అత్త. ఇంటింటివాళ్ళూ వంతుల ప్రకారం నూనె పోశారు... కొన్నాళ్ళకు ఒక్కొక్కరే మానేశారు. ఎవరిని తప్పుపడతాం? ఎవరూ ఆర్పకుండానే అది ఆరిపోయింది. తర్వాత మళ్ళీ ఎవరూ వెలిగించలేదు. మిద్దె కూడా కూలింది.

ఇప్పుడా పట్నాన్ని బతికిస్తున్నారు. ఊరివాళ్ళూ, బయటి నుంచి వచ్చిన చదువుకున్నవాళ్ళూ కలిసి కమిటీ వేశారు. మంచివాళ్ళే. మా పిడుగురాళ్ళ సున్నం తెప్పించి బంగళాను పాత పద్ధతిలోనే నిలబెట్టారు. ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ళకు నీడ పట్టున కొట్లు ఇచ్చారు. ఇనప గూట్లో కరెంటు దీపం పెట్టారు... పొద్దుగూకితే దానంతటదే వెలుగుతుంది, తెల్లారితే దానంతటదే ఆరుతుంది. చూడటానికి జనం వస్తున్నారు.

కాటమ్మ అత్త కూడా వస్తోంది. రోజూ. అదే మెట్టు మీద కూర్చుంటుంది.

మొన్న నేను వెళ్ళినప్పుడు అడిగింది. "పడవలన్నీ వచ్చినయ్యి గదే అమ్మీ. ఇంకా ఎవురు రాలేదని ఇది ఎలుగుతంది?"

"అది కరెంటు దీపం అత్తా."

"నాకు తెలుసులే. కాళ్ళకే తెలవట్లా... ఇటే తీసుకొస్తన్నయ్యి."

ఆ దీపం తీసెయ్యమని అడగడానికి కమిటీ మీటింగుకు వెళ్ళాను. పల్నాటి ఊళ్ళలో మైకు లేకుండా గంటలు గంటలు వాక్యం చెప్పిన గొంతు నాది. పైకి తెల్లగా, లోపల ఎముకలతో ఉండే సున్నం కొట్టిన సమాధులని యేసు అన్న మాట ఎత్తుదామని సిద్ధపడే పోయాను. దీపం మాట ఎత్తగానే, కమిటీలో ఉన్న ఓ పడవవాళ్ళ అబ్బాయి నెమ్మదిగా అన్నాడు.

"సిస్టరమ్మా, ఇప్పుడు ఎవురెక్కడున్నారో ఫోన్లో తెలిసిపోద్ది. ఆ దీపం చూడ్డానికే నలుగురు వస్తన్నారు. మా అమ్మ కొట్లో నాలుగు చేపలు అమ్ముడుబోతన్నయ్యి. తీసేస్తే ఎట్టా?"

అతని మీద ఏ వాక్యం ఎత్తను? అతను చెప్పిందీ నిజమే... కూర్చున్నాను. అంత అలసట నాకెప్పుడూ రాలేదు.

నాతో వచ్చి వెనక కూర్చున్న అత్త లేచింది. "ఎలిగించుకోండిరా, ఎవురొద్దన్నారు? ఆర్పటానికి మాత్తరం మనిషిని పెట్టండి. దానంతటదే ఆరితే ఎవురొచ్చినట్టు?"

చివరికి మెట్ల కింద స్విచ్చి పెట్టారు. ఆఖరి పడవ మనిషి వచ్చి ఆర్పాలి. ఆదివారం మాత్రం జనం కోసం వెలుగుతూనే ఉంటుంది... ఆ రోజు అత్త తలుపేసుకుంటుంది. అంతవరకే సాధ్యమైంది.

మొదటి రోజు ఆఖరి పడవలో వచ్చిందీ ఆ అబ్బాయే. తడి బట్టలతో నిలబడి, "ఈ ఒక్క రోజు నువ్వార్పు పెద్దమ్మా, ఎంకన్న పెదనాన్న తరపున," అన్నాడు.

అత్త స్విచ్చి మీద చెయ్యి వేసింది. నొక్కలేదు. సముద్రం వైపు చూసింది. "ఇంకాసేపు ఉండనీరా..." అంది. మేమందరం అలాగే నిలబడ్డాం.

తర్వాత తనే నొక్కింది. గూడు చీకటైంది. నా భుజం పట్టుకుని ఇంటి వైపు నడుస్తూ, "కరెంటు గనక సరిపోయింది," అంది. "లేకపోతే ఊరి నూనంతా మళ్ళీ తాగించేవోడు."

పాత గోడలకు సున్నం దొరుకుతోంది, సంతోషమే... రానివాడి కోసం తన వంతు నూనె పోసే ఇళ్ళే ఎక్కడ దొరుకుతాయో తెలియడం లేదు.

మీ ఊళ్ళో మనిషి పొద్దుగూకినా ఇల్లు చేరకపోతే, ఎవరు ఏం చేసేవాళ్ళు? రాయండి, కూర్చుని చదువుకుంటాను. ఈ మధ్య నాకు చెప్పడం కన్నా వినడమే బాగుంటోంది...