ట్రయల్ రూమ్ తలుపు కింద నేను చూసిన చెప్పులు

సహోదరీ సహోదరులారా, ఇప్పుడు మనం ఆరాధిస్తున్న ఈ అంతస్తులో ఒకప్పుడు పట్టుచీరలు, రెడీమేడ్ డ్రెస్సులు అమ్మేవారు. ఖమ్మం నడిబొడ్డున ఉన్న ఈ పెద్ద బట్టల షాపులో ఏళ్ల తరబడి నా పని ట్రయల్ రూముల ముందు నిలబడి, ఎవరు ఏం దాచుకుంటున్నారో కనిపెట్టడం, తలుపు కింది సందులోంచి కాళ్లు చూసి లోపల ఒకరున్నారో ఇద్దరున్నారో తేల్చడం. ఆ చూపునే నేను ఇంటికి కూడా తీసుకెళ్లాను. నా భార్య సుజాత ఫోనులో నవ్వినా, కూరగాయలకు వెళ్లి పది నిమిషాలు ఆలస్యం చేసినా నాకు అన్నం సహించేది కాదు. నేను తాగలేదు, చెయ్యి చేసుకోలేదు, అందుకే బయట అందరూ నన్ను మంచివాడనేవారు, ఇంట్లో ఆమెకు మాత్రం ఊపిరాడేది కాదు.

షాపు మూతపడింది. కింద సూపర్‌మార్కెట్ పెట్టారు, మొదటి అంతస్తులో కుట్టు నేర్పే కేంద్రం వచ్చింది, ఈ రెండో అంతస్తు మన సంఘానికి కిరాయికి ఇచ్చారు. నేను గేటు దగ్గర వాచ్‌మన్‌గా మిగిలాను. పాస్టరు గారు ట్రయల్ రూములను కూల్చకుండా ప్రార్థన గదులుగా ఉంచారు. ప్రార్థనకు గొళ్లెమున్న గదులెందుకని నాకు అదీ అనుమానమే.

సుజాత శుక్రవారం ఉపవాస ప్రార్థనకు రావడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం నేను గేటు వదిలి, ఆగిపోయిన ఎస్కలేటర్ మీదుగా చప్పుడు కాకుండా ఎక్కాను. ఒక గది మూసి ఉంది. వంగి చూశాను. సుజాత కాళ్లు, వాటి పక్కనే మగవాళ్ల తోలు చెప్పులు.

నేను నెట్టిన నెట్టుకు గొళ్లెం ఊడిపోయింది. లోపల చర్ల వైపు నుంచి కంటి వైద్యానికి వచ్చిన ఒక ముసలమ్మ ఉంది, కాళ్లు వాచినందుకు కొడుకు చెప్పులు వేసుకుంది. సుజాత భయంతో అద్దానికి అతుక్కుపోయింది. ఆమె భుజం మీదుగా అద్దంలో నా ముఖం నాకే కనబడింది, ఆ ముఖాన్ని ఆమె ఇన్నేళ్లూ చూసిందని అప్పుడు తెలిసింది.

"ఏంది కొడుకా, గట్ల నెట్టినవ్?" అంది ముసలమ్మ. "ఈమె పెనిమిటివి నువ్వేనా? నీ కోసమే ప్రభువును అడుగుతున్నం. నువ్వు గూడ రా, జాగ ఉంది."

ఒక్కరు నిలబడే గదిలో ముగ్గురం ఇరుక్కున్నాం. సుజాత కళ్లు మూసుకుని ప్రార్థించింది. "ప్రభువా, ఎవ్వర్నీ నమ్మలేక ఈయన ఎండిపోతుండు. ఈయన్ని విడిపించు తండ్రీ." నేను గోడ పట్టుకుని ఏడ్చాను, నా కండ్లు కడుగు ప్రభువా అన్నాను.

ఇంట్లో క్షమించమని అడిగితే సుజాత, "ఒక్క మాటకే నమ్మమంటే ఎట్ల? చూస్త," అంది. ఇప్పుడు అనుమానించడం ఆమె వంతు, అది న్యాయమే.

కొన్ని నెలల తర్వాత ఒకరోజు ఆమె గంట ఆలస్యంగా వచ్చింది. నాలుక మీదికి వచ్చిన ప్రశ్నను మింగి మంచినీళ్లు ఇచ్చాను. గ్లాసు పట్టుకుని నన్నే చూసింది.

"అడుగుతలేవేంది?"

"అవ్, అడగ."

ఆ రోజు ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె నా పక్కన కూర్చుని అన్నం తిన్నది. దేవునికే మహిమ.

అనుమానం ఇక రాదని అబద్ధమాడను. వచ్చినప్పుడు మోకరిస్తాను. ఈరోజు ఇంట్లోవాళ్ల ఫోను తెరిచి చూసి వచ్చిన వారెవరైనా మీలో ఉంటే, మొదట ప్రభువును నమ్మండి సహోదరులారా, మనుషులను నమ్మే బలం ఆయనే ఇస్తాడు.