అరువు గొంతు

మా తెలుగు సంఘం నాటకాల్లో స్టేజి మీద ఎవరూ మాట్లాడరు. హైస్కూలు ఆడిటోరియం మైకుల్ని నమ్మలేక డైలాగులన్నీ ముందే రికార్డు చేసి, ఆ రోజు ట్రాక్ వేస్తారు. నటులు పెదాలు కదిపితే చాలు. కొత్తలో నాకది వింతగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది. ఆ అలవాటే నా కొంప ముంచింది.

ఈసారి ఉగాది నాటకం రాసింది నేనే. ఈ దేశంలో స్థిరపడే పీఆర్ అనుమతికి పాయింట్లు కలుస్తాయని ఫ్రెంచ్ క్లాసులకు వెళ్ళిన రోజుల్లో, హామిల్టన్‌లో మాకు పాఠం చెప్పిన పెద్దావిడ ఉచ్చారణ పట్టుబడాలని పాత ఫ్రెంచ్ టాకీ ముక్కలు చూపించేది. వాటిలో ఒక ప్రేమకథల హీరో ఉండేవాడు. మూకీల కాలంలో ఆయన మొహం చూసే జనం మనసు పారేసుకున్నారట. టాకీలు వచ్చి ఆయన నోరు విప్పేసరికి దక్షిణాది పల్లె యాస బయటపడింది. పారిస్ నిర్మాతలు వేరేవాళ్ళ గొంతు పెడదామన్నారు, ఆయన ససేమిరా అన్నాడు. ఆ యాసతోనే ప్రేమించాడు, అలిగాడు, పాడాడు. కొన్నేళ్ళపాటు ఆయన సినిమాకు టికెట్లు దొరికేవి కావట.

తర్వాత ఒకసారి పరాయి దేశంలో తన సినిమా ఆడుతుంటే చూడబోయాడు. తెర మీద తన నోట్లోంచి ఇంకెవరి గొంతో వస్తోంది. సగంలో లేచి వచ్చేశాడు. ఆ పైన హీరో అన్నగా, హీరో తండ్రిగా, చివరికి డైలాగే లేని హోటల్ యజమానిగా కనబడి, తెరమరుగైపోయాడు.

మాది కడప జిల్లా. నా యాసకి ఇక్కడి మనవాళ్ళు ఇన్నేళ్ళూ ముసిముసిగా నవ్వుతూనే ఉన్నారు. ఆ మనిషి మీద నాకెందుకంత ప్రేమ పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు. ఆయన కథే నాటకంగా రాసి, ఆయన వేషం నేనే వేస్తాననీ, నా మాటతోనే వేస్తాననీ ముందే చెప్పాను. దర్శకుడు సరేనన్నాడు. కోస్తా మనిషి, ఏజాక్స్ అనే ఊళ్ళో ఉంటాడు. నేను ఈ దేశంలో దిగిన రోజు మంచులో డ్రైవ్ చేసుకుంటూ ఎయిర్‌పోర్టుకు వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్ళిన మనిషి. ఆయన్ని అన్నా అని ఊరికే పిలవలేదు.

హీరోయిన్ నా భార్య. గుంటూరు పిల్ల. పెళ్ళిచూపులకు ముందే ఫోన్లో నా గొంతు విని ఒప్పేసుకున్నానని ఇన్నేళ్ళుగా తలా ఒక వంట తెచ్చుకునే ప్రతి పాట్‌లక్‌లోనూ చెబుతూ వచ్చింది. అన్న వాళ్ళ బేస్‌మెంట్‌లో గోడలకు మందపాటి కంఫర్టర్ బొంతలు వేలాడదీసి రికార్డు చేశాం. ఆ విదేశీ థియేటర్ సీన్ చెప్పి ముగించేసరికి అన్న హెడ్‌ఫోన్స్ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నేను పొంగిపోయాను. పిచ్చివాణ్ణి కాకపోతే ఎందుకు పొంగిపోవాలి?

ఉగాది రోజున లైట్లు పడ్డాయి. మొదటి డైలాగుకి పెదాలు కదిపాను. స్పీకర్లలోంచి నునుపైన గొంతు ఒకటి వచ్చింది. అది నాది కాదు. ఎటోబికో నుంచి వారాంతాల్లో తెలుగు రేడియో ప్రోగ్రాం చేసే కుర్రాడిది.

ట్రాక్ ఏమో ఆగదు. ఎదురుగా నా భార్య నిలబడి ఉంది. ఇదేమిటని కంగారుపడి ఆమె వైపు చూశాను. ఆమె ఉలిక్కిపడలేదు. ఆ కొత్త గొంతు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తను అందుకోవాలో ఆమెకు ముందే తెలుసు. నాకు అప్పుడర్థమైంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత?

నాటకం చెడగొట్టలేక చివరిదాకా పెదాలు కదుపుతూనే ఉన్నాను. థియేటర్ సీన్ వచ్చింది. "ఈ మొహం నాదే. ఈ గొంతు నాది కాదు" అన్నది నేను రాసుకున్న మాట. దాన్ని కూడా ఆ కుర్రాడే చెప్పాడు, చాలా బాగా చెప్పాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేను నిజంగానే ఏడ్చాను. నటన అద్భుతమన్నారు.

తెర వెనక అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏమనుకోకు తమ్ముడూ. లవ్ సీన్‌లో మీ యాస వస్తే కామెడీ అయిపోద్ది. నీ మంచికే చేశా." ఆ చెయ్యి తీసేసి కారు దగ్గరికి నడిచాను.

కారు హైవే ఎక్కించాను. గొంతు మారుద్దామని అన్న అడిగితే నువ్వేమన్నావని నా భార్యని అడిగాను. ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "జనం నవ్వుతారన్నాడు. నాకూ అలానే అనిపించిందండీ. మీరు బాధపడతారని చెప్పలేదు."

అన్న మాటకి కోపం వచ్చింది, అది నాలుగు రోజుల్లో పోయేదే. ఈ మాట మాత్రం లోపల దిగిపోయింది. నా గొంతు విని నన్ను చేసుకున్న మనిషికి ఆ గొంతు ఎప్పటి నుంచి నవ్వులాటగా వినబడుతోందో నాకు తెలియదు.

పాట్‌లక్‌లలో ఆమె ఇప్పుడా ఫోన్ కథ చెప్పడం మానేసింది. ఇంట్లో మాత్రం, ఈ మధ్య మీరు బొత్తిగా మాట్లాడటం లేదు, కాస్త మాట్లాడండీ అని పోరుతుంది. ఏ గొంతుతో మాట్లాడమంటావని అడగాలనిపిస్తుంది. నోరు తెరుస్తాను, తల ఊపి ఊరుకుంటాను.