మెట్టు మీద సుద్ద గుర్తు

నా దగ్గర ఏ వస్తువు తీసుకున్నా సంతకం పెట్టాల్సిందే. సర్వే పని నేర్పే ఈ కాలేజీలో ఇరవై ఏడేళ్లుగా స్టోరు నా చేతిలో ఉంది. లెవెళ్లు, మూడుకాళ్ల స్టాండ్లు, టేపులు, అంకెలేసిన పొడుగు కర్రలు, ఆఖరికి సుద్దముక్కయినా సరే, రిజిస్టరులోకి ఎక్కాకే గడప దాటుతుంది. పిల్లలు నన్ను ఎదురుగా బాబాయ్ అంటారు, వెనకాల సంతకాల బాబాయ్ అంటారు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్లకు తెలియదు.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. నాకు కోపం జాస్తి. చాలా ఏళ్ల కిందట ఒకడు లెవెల్‌ను స్టాండు మీద అలాగే వదిలేసి టీ తాగడానికి పోయాడు. గాలికి స్టాండు ఒరిగింది, అద్దం భళ్లుమంది. ఆ సాయంత్రమే పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను: ‘కాళ్లు విప్పి నిలబెట్టిన పరికరాన్ని సంతకం పెట్టినవారు వదిలి కదలరాదు.’ ప్రాక్టికల్స్ చూసే మా సారుకు అది ఎంత నచ్చిందంటే, ఏకంగా ప్రాక్టికల్ పరీక్ష నిబంధనల్లో చేర్చేశారు. నేను రాసిన వాక్యం అచ్చులో చూసుకుని పది రోజుల పాటు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ వాక్యం వల్లే ఒక పిల్లకు ఏడాది పోయింది. నేను చెప్పబోయేది ఆ పిల్ల గురించే.

క్లాసులో అందరూ ఆమెను మాయాదేవి అనేవారు. పాఠం మధ్యలో, లెక్కల మధ్యలో, గ్రూపు ఫొటోకు అందరూ నిలబడ్డాక కూడా ఉన్నట్టుండి మాయమైపోయేది. ఎప్పుడు చూసినా తలుపు పక్క బెంచీలోనే కూర్చునేది. సినిమాకు పిలిస్తే పనుందనేది, బస్సులో ఊరికి పోదామంటే ఒంట్లో బాగోలేదనేది. పొగరు అనుకున్నారు తోటివాళ్లు. పని ఎగ్గొట్టే రకం అనుకున్నాను నేను.

మొదటి ఏడాది ప్రాక్టికల్ రోజు నాకు కళ్లకు కట్టినట్టుంది. ఆ పరీక్షేమిటో నాలుగు ముక్కల్లో చెబుతాను. లెవెల్ అంటే ఎటు తిప్పినా ఒకే ఎత్తులో చూసే దుర్భిణి. ఒకరు దాంట్లోంచి చూస్తారు, ఇంకొకరు దూరంగా అంకెల కర్ర నిలబెడతారు. అంకె చదివాక కర్ర ముందుకు పోతుంది, మళ్లీ చదివాక లెవెల్ ముందుకు పోతుంది. ఇలా ఒకరినొకరు దాటుకుంటూ కిలోమీటరు చుట్టి, బయల్దేరిన చోటికే రావాలి. వచ్చాక ఎత్తుల లెక్క మొదలుపెట్టిన అంకెకే రావాలి. పన్నెండు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే ఫెయిలు.

ఆ రోజు పదిన్నరకు మాయాదేవి కడుపు చేత్తో పట్టుకుని స్టోరుకు పరుగెత్తుకొచ్చింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

“బాబాయ్, వెనక బాత్రూము తాళం ఇస్తారా?”

“అది స్టాఫుది. మీది అవతలి బ్లాకులో ఉందిగా.”

“అంత దూరం వెళ్లలేను బాబాయ్.”

“లెవెల్ ఎక్కడ పెట్టొచ్చావ్?”

ఆమె తల తిప్పి మైదానం వైపు చూసింది. కిటికీలోంచి చూశాను. మైదానం మధ్యలో లెవెల్ మూడు కాళ్ల మీద ఒంటరిగా నిలబడి ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ముందు పోయి దాని పక్కన నిలబడు!” అని అరిచాను. ఆమె నావైపు ఒక్క చూపు చూసి, అవతలి బ్లాకు వైపు పరుగెత్తింది. ఆ రోజు మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదో అడగాలని కూడా నాకు తోచలేదు. ‘పది ముప్పైకి పరికరం వదిలి వెళ్లింది’ అని నా చేత్తో నేనే రాసి సారుకిచ్చాను. ప్రాక్టికల్ పోయింది. మా దగ్గర ప్రాక్టికల్ పోతే ఏడాది పోయినట్టే.

సెలవులు అయ్యాక ఆమె మళ్లీ అదే క్లాసులో, తనకంటే చిన్నవాళ్ల మధ్య, అదే తలుపు పక్కన కూర్చుంది. ఒకరోజు స్టోరుకొచ్చి ముప్పై మీటర్ల టేపు అడిగింది.

“ఏం కొలుస్తావ్?” అన్నాను రిజిస్టరు ముందుకు తోస్తూ.

“బాత్రూములు.”

వేళాకోళమేమో అనుకున్నాను. మొహం చూస్తే అలా లేదు. సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి, తనే చెప్పింది. “నాకు ఐబీఎస్ ఉంది బాబాయ్. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు. సెలవుల్లో అన్ని పరీక్షలూ చేశారు. పుండు లేదు, గడ్డ లేదు. పేగులు చూడ్డానికి బానే ఉన్నాయట, పని చెయ్యడంలోనే పేచీ. నేను కంగారుపడితే అవి కదుల్తాయి, అవి కదిలితే నేను కంగారుపడతా.”

“మందు లేదా?”

“ఉంది, కొంచెం. మిగతాది నేనే చూసుకోవాలి.”

సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసింది. అచ్చం మా ఫీల్డ్ బుక్కులాగే గళ్లు గీసి ఉంది. టైము, తిన్నది, నిద్ర, భయం, కడుపు. ఆరు వారాల లెక్క ఎక్కడా కొట్టివేత లేకుండా రాసింది. పరీక్ష రోజు ఏమీ తినకుండా వస్తే గొడవే ఉండదనుకుని, పరగడుపున రెండు కప్పుల కాఫీ మాత్రం తాగి వచ్చిందట. ఆమె కొంప ముంచింది అదేనని ఆ గళ్లే చెప్పాయి. పాలు, చిక్కుడు గింజలు కూడా పడటం లేదు. మిగతావన్నీ పడుతున్నాయి. వాళ్లమ్మ బట్టలు సరిచేసి కుట్టే మనిషి. మొదట్లో భయపడి అన్నీ మాన్పించేసి, కూతురికి ఒట్టి అన్నమూ ఉడికించిన బంగాళాదుంపా పెట్టిందట. డాక్టరుగారు తల్లిని కూర్చోబెట్టి, పిల్ల కడుపు మాడ్చొద్దు, ఏది పడట్లేదో దాన్నే మానండి, కొంచెం కొంచెంగా వేళకు పెట్టండి అన్నారట. ఇప్పుడు రోజూ మూడు చిన్న డబ్బాలు సర్దుతోంది.

“ఈ సంచీ అమ్మే కుట్టింది” అని తిప్పి చూపించింది. వీపు ఆనే వైపు చదునుగా ఒక జేబు ఉంది. చూస్తే జేబని తెలియదు. అందులో ఒక జత బట్టలు. “ఏడాదిగా మోస్తున్నా, రెండుసార్లే తెరిచా. ఉందని నాకు తెలిస్తే చాలు, తెరవాల్సిన పని పడదంటుంది అమ్మ.”

ఆ రెండుసార్లలో ఒకటి ఏ రోజో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

“ఎవరో ఒకరికి చెప్పి ఉంచుకోమన్నారు డాక్టరుగారు. అందుకే మీకు చెప్తున్నా.”

“నాకెందుకమ్మా? క్లాసులో ఎవరూ లేరా?”

“తాళంచెవి మీ దగ్గరుంది కదా బాబాయ్.”

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోటికి వచ్చింది ఒకటే మాట, “చూద్దాం.” అలాంటి మనిషిని నేను.

ఆ సాయంత్రం ఆమె తిరిగిచ్చిన టేపు పట్టుకుని స్టోరు గడప నుంచి అవతలి బ్లాకు దాకా నేనే కొలిచాను. మూడు వందల నలభై మీటర్లు, పైన ముప్పై మెట్లు. మామూలుగా నడిస్తేనే ఆరు నిమిషాలు పట్టింది. కడుపు మెలిపెడుతుంటే ఎంత పడుతుందో, దారిలో ఏమవుతుందో తలుచుకుంటే ప్రాణం చివుక్కుమంది. ఒక ఆడపిల్ల ప్రాణం మీదికొచ్చి తలుపు తడితే, నేను దుర్భిణి గురించి అడిగాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

మర్నాడు ఆ తాళానికి మారుచెవి చేయించి, గోడ మీద నా వాక్యం కింద మేకు కొట్టి తగిలించాను. క్షమించమని మాత్రం అనలేకపోయాను. “తాళాలు వాడకపోతే తుప్పు పడతాయి, అప్పుడప్పుడూ తిప్పుతుండు” అన్నాను. ఆమె నవ్వింది. నేను ఆమె నవ్వు చూడటం అదే మొదలు.

పరీక్ష మళ్లీ దగ్గరపడింది. ఈసారి పోతే కోర్సు మానిపించి కుట్టుమిషను ముందు కూర్చోబెడతానని వాళ్ల నాన్న తేల్చి చెప్పాడట. సారు మంచాయన. ప్రత్యేక అనుమతి కోసం పైకి ఉత్తరం రాస్తానన్నారు. “రాయండి సార్, నా తర్వాత వచ్చేవాళ్లకి కూడా వర్తించేలా రాయండి. అది వచ్చేలోపు నా పరీక్ష నేను ఇప్పుడున్న రూలు ప్రకారమే చేస్తా” అంది. ఉత్తరం పోయింది, జవాబు రాలేదు.

ఓ మధ్యాహ్నం స్టోరు గోడ ముందు నిలబడి నా వాక్యాన్ని అక్షరం అక్షరం చదివింది.

“బాబాయ్, లెవెల్‌ని పెట్టెలో పెట్టేస్తే వదలొచ్చా?”

“పెట్టెలో ఉంటే పడదుగా, వదలొచ్చు. కానీ కర్ర ఉందే! నువ్వొచ్చేదాకా దాన్ని కదలకుండా పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. మట్టిలో ఇనుప పళ్లెం మీద నిలబెట్టిన కర్రని ఎత్తావా, పళ్లెం వెంట్రుకంత కదిలినా నీ లెక్క గోవిందా.”

“మట్టిలో అయితే కదా” అంటూ ఆమె ఒక కాగితం పరిచింది. కాలేజీ మొత్తం చేత్తో గీసింది. అందరూ మైదానం చుట్టూ వేసే దారి కాదది. లైబ్రరీ మెట్టు, క్యాంటీన్ గట్టు, ఆఫీసు వెనక గుమ్మం, మందులిచ్చే గది అరుగు, నా స్టోరు మెట్టు, ఇంకో రెండు గుమ్మాలు. ఏడు చోట్లా గట్టి రాయి, ఏడు చోట్లా పక్కనే బాత్రూము. రాతి మీద సుద్దతో గుర్తు పెట్టి కర్ర దించేసినా ఆ ఎత్తు ఎక్కడికీ పోదు. లెవెల్ పెట్టెలో పడుకుంటుంది, పిల్ల వెళ్లి వస్తుంది. ఇన్నేళ్లలో ఇంత చిన్న ఉపాయం నా బుర్రకు తట్టలేదు. నాకు ఆ అవసరం పడలేదు మరి.

పరీక్ష నాడు పొద్దున్నే మొదటి డబ్బా తిని, నోటుబుక్కులో రాసుకుని వచ్చింది. కర్ర పట్టే జోడీ ఒక పొడుగమ్మాయి. మాటలు తక్కువ, చూపు గట్టి. మాయాదేవి ఆమెకు ముందే అంతా చెప్పి ఉంచింది. రెండు రోజుల కింద కురిసిన వాన వల్ల మైదానం మెత్తగా ఉంది. గడువు పన్నెండింటికి. బయటినుంచి పరీక్షాధికారి ఒకాయన వచ్చాడు. ఎవరు పలకరించినా గడియారం వంక చూసే మనిషి.

లైబ్రరీ మెట్టు దగ్గర ఒకసారి ఆగిందని కిటికీలోంచి చూశాను. నిమ్మళంగానే తిరిగొచ్చి మొదలుపెట్టింది. పదకొండున్నర దాటాక నా స్టోరు మెట్టుకు చేరారు. పొడుగమ్మాయి సుద్దతో గుర్తు గీసి కర్ర దించింది. మాయాదేవి లెవెల్‌ను పెట్టెలో సర్ది, గొళ్లెం వేసి, లోపలికొచ్చి మేకు వైపు చూసింది.

మేకుకు తాళంచెవి లేదు.

పావుగంట కింద పరీక్షాధికారి అడిగితే, చేతికి అందింది కదా అని నేనే దాన్ని తీసిచ్చాను. ఇంకా బయటికి రాలేదు. ఆమె గోడకు ఆనుకుని, డాక్టరుగారు నేర్పినట్టు నెమ్మదిగా ఊపిరి పీల్చి వదులుతోంది. నుదుటి మీద చెమట. అవతలి బ్లాకుకు పోయి వస్తే గడువు దాటిపోతుంది. పోకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

ఇరవై ఏడేళ్లలో ఏ అధికారి ముందూ నేను గొంతు పెంచింది లేదు. వెళ్లి ఆ తలుపు బాదాను. జవాబు లేదు. మళ్లీ బాదాను. లోపల్నుంచి దగ్గు. మూడోసారి పిడికిలితో బాదాను. తలుపు తెరుచుకుంది.

“ఏమిటయ్యా, కొంప మునిగిందా?”

“మునగకూడదనే సార్. కాస్త తప్పుకోండి.”

ఆయన నోరు తెరిచి ఏదో అనబోయాడు. ఆమె మొహం చూసి పక్కకు జరిగాడు. తర్వాత మెట్టు మీది గుర్తునూ, గొళ్లెం వేసిన పెట్టెనూ చాలాసేపు చూశాడు. నా ఉద్యోగం ఊడినా సరే అనుకుని నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఎనిమిది నిమిషాల్లో ఆమె మొహం కడుక్కుని వచ్చింది. కర్ర మళ్లీ సుద్ద గుర్తు మీద నిలబడింది. మూడు నిమిషాలు మిగిలుండగా బయల్దేరిన చోటికి చేరారు.

అందరి ముందూ పరీక్షాధికారి కాగితం ఎత్తి అడిగాడు. “అందరూ మైదానం చుట్టూ తిరిగితే, నీ దారి ఏమిటమ్మా ఇన్ని వంకర్లు పోయింది?”

“నాకు పేగుల జబ్బుంది సార్. ఎప్పుడు వెళ్లాల్సి వస్తుందో తెలీదు. అందుకే బాత్రూమున్న ప్రతి మెట్టు దగ్గరా ఆగేలా వేసుకున్నా.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పొడుగమ్మాయి తిరిగి చూసింది. మళ్లీ చప్పుడు లేదు. దాదాపు రెండేళ్ల పాటు సాకులు చెప్పి దాచిన మాటను ఆ పిల్ల నలభై మంది ముందు, టైము ఎంతయిందో చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోను.

ఆయన లెక్క వేశాడు. మళ్లీ వేశాడు. మైదానం చుట్టిన జట్లకు మెత్తటి మట్టిలో పళ్లేలు దిగి ఎనిమిదీ పదకొండూ తేడాలు వచ్చాయి, పన్నెండు దాటి రెండు జట్లు ఫెయిలయ్యాయి. అందరికంటే దూరం తిరిగిన ఈ పిల్లకు వచ్చిన తేడా మూడు మిల్లీమీటర్లు.

“రాయి మీద నడిచావు కాబట్టి నిలిచింది” అన్నాడాయన. వెళ్లేముందు ఆమెను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ఆ డాక్టరుగారి చిరునామా రాయించుకున్నాడు. నా ఉద్యోగం ఊడలేదు.

ఆమె ఇప్పుడు నీటి గొట్టాల శాఖలో లెవెళ్లు చూస్తోంది. జబ్బు పోలేదు. మంచి వారాలుంటాయి, చెడ్డ రోజులుంటాయి, నోటుబుక్కు ఇప్పటికీ నడుస్తోంది. పోయిన నెల ఫోను చేసి, కొత్త చోట మొదటి రోజే టేపు పట్టిందనీ, ఆఫీసరుకు ముందే అంతా చెప్పేసిందనీ, తోటివాళ్లతో బస్సులో ఊరు కూడా వెళ్లొచ్చిందనీ గడగడా చెప్పింది.

ఆమె గీసిన దారి నా స్టోరు గోడ మీద ఉంది. మైదానం చుట్టూ ఇప్పుడెవరూ పోవడం లేదు, అందరూ మెట్ల మీదుగానే పోతున్నారు. మొన్న ఈ ఏడాది చేరిన ఒక అమ్మాయి గబగబా వచ్చి, మేకు మీది తాళంచెవి అందుకుని, అలవాటు ప్రకారం రిజిస్టరు వైపు తిరిగింది.

“సంతకం ఎక్కడ పెట్టాలి బాబాయ్?”

“దానికి సంతకం లేదమ్మా, నువ్వెళ్లు” అన్నాను.