మళ్లీ చెబుతారని ఆగాను

ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో, ఇంగ్లండులో చదివే స్కాలర్‌షిప్పు కోసం మద్రాసు వెళ్లి ఇంగ్లీషు పరీక్ష రాశాను. అప్పటికి పాపకు ఏడు నెలలు. ఈ ఒక్కసారికే పంపిస్తామని అత్తగారు ముందే చెప్పారు. పాపను ఆవిడకు అప్పగించి సూళ్లూరుపేటలో రైలెక్కాను.

పరీక్ష గదిలో బల్ల మీద టేప్ రికార్డరు పెట్టారు. అందులోంచి ఒక దొర గొంతు ఏదో ఓడరేవు గురించి చెప్పసాగింది. నేను వెంటనే రాసుకోవడం మొదలుపెట్టాను. డిగ్రీలో మాకు ఇంగ్లీషు పాఠమంటే నోట్సు రాసుకోవడమే. లెక్చరరుగారు ప్రతి వాక్యం రెండుసార్లు చెప్పేవారు. ఆ అలవాటుతో మొదటి వాక్యం సగం రాసి, మళ్లీ చెబుతారని ఆగాను. దొర ఆగలేదు. టేపు అయిపోయేసరికి నా దగ్గర ఎనిమిది సగం వాక్యాలున్నాయి. వింటూ జవాబులు రాయాల్సిన ప్రశ్నల కాగితం ఖాళీగా ఉంది.

"సార్, ఇంకొక్కసారి వినిపిస్తారా?" అని అక్కడున్న తెలుగాయనను అడిగాను.

"ఒకేసారమ్మా, రూలు అంతే," అంటూ ఆయన కాగితం తీసుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు పాపను ఎత్తుకుని వాకిట్లో తిరుగుతున్నారు.

"ఏమ్మే, బాగా రాసినావా? ఆవుపాలు పడితే ఊసేసింది నీ కూతురు. ఒకటే ఏడుపు."

"వాళ్లు చెప్పింది రాసుకుంటూ కూచున్నానత్తా. అడిగినదానికి జవాబు రాయలేదు."

"అయితే ఇంక పొయ్యే పని లేదు గదా," అని ఆవిడ పాపను నా చేతుల్లో పెట్టారు. ఆ గొంతులో కోపం లేదు, నిశ్చింత ఉంది. అది విన్నాకే నాకు ఏడుపు ఆగలేదు.