ఆయ్ అన్నందుకు

కొందరికి ఆఫీసులో నిద్రపోతే ఉద్యోగం ఊడుతుంది, కొందరికి అబద్ధాలాడితే ఊడుతుంది. నా ఉద్యోగాన్ని ఊడేదాకా లాక్కెళ్లింది ఒకే ఒక్క "ఆయ్". గోదావరి జిల్లాల వాళ్లకు దీని సంగతి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను: పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మేం మధ్యమధ్యలో వినయంగా అనే మాట అది. అవునని అర్థం, వింటున్నానని అర్థం. ఏమీ అర్థం కానప్పుడు ఇంకా బాగా పనికొస్తుంది.

అప్పుడు నేను రాజమండ్రిలో, విదేశీ కస్టమర్ల ఫిర్యాదులకు జవాబులు రాసే ఆఫీసులో పనిచేసేదాన్ని. ఆరు నెలలయ్యాక విదేశంలో ఉండే పెద్ద బాసు వీడియో కాల్‌లో మాట్లాడతాడు. నచ్చితే పర్మనెంట్, లేకపోతే నిడదవోలు బస్సెక్కి ఇంటికి.

మా టీమ్ లీడర్ సత్యనారాయణ గారిది కోరుకొండ. యాస పేరెత్తితేనే ఆయనకు వణుకు.

"చూడండమ్మా, మన అండీలు, ఆయ్‌లు గుమ్మం బయటే వదిలేసి రండి. హైదరాబాద్‌లో నేను నోరు తెరిస్తే చాలు, కాజాలు తెచ్చావా అని నవ్వేవారండి. మూడేళ్లు ప్రమోషన్ లేదండీ!" అన్నారు, అండీ వదలకుండానే.

నేను ఊరుకుంటానా! నెల రోజులు వీడియోలు చూసి అమెరికా ఇంగ్లీషు నేర్చుకున్నాను. నాలుకను ఎంత మడతపెట్టానంటే, అమ్మ చేసిన పులుసులో ఉప్పుందో లేదో కూడా తెలిసేది కాదు.

ఆ రోజు రానే వచ్చింది. తెర మీద బాసు ఏదో అడిగాడు. నోట్లో వేడి బజ్జీ పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. నేను నా అమెరికా ఇంగ్లీషులో జవాబు వదిలాను. ఆయన ముఖం చిట్లించి మళ్లీ చెప్పమన్నాడు. మూడోసారీ అంతే. ఆయన ఇంకేదో అడిగేసరికి నోరు జారింది.

"ఆయ్."

బాసు ముఖం వెలిగిపోయింది. "ఆయ్?" అన్నాడు.

"ఆయ్," అన్నాను భయంభయంగా.

"ఆయ్! ఆయ్!" అంటూ పకపకా నవ్వాడు.

వెక్కిరిస్తున్నాడు! నాకు ఏడుపూ రోషమూ కలిసి తన్నుకొచ్చాయి. అమెరికా ఇంగ్లీషు ఎటుపోయిందో, అచ్చ తెలుగులో అందుకున్నాను. "ఏంటండీ ఆ నవ్వు? మీరు మాట్లాడేది బాగుందనుకుంటున్నారేంటి? ఒక్క ముక్క అర్థమైతే ఒట్టండి!" అని కాల్ కట్ చేసేశాను. తిట్టినా అండీలకు లోటు చేయలేదు, గమనించండి.

పక్కనే కూర్చున్న సత్యనారాయణ గారి ఫోన్‌కి బాసు మెసేజ్ వచ్చింది. చదివి తల పట్టుకున్నారు.

"ఎంత పని చేశారమ్మా! ఆయనది స్కాట్లాండంటండి. అక్కడ అవుననడానికి ఆయ్ అనే అంటారంట. లండన్ ఆఫీసులో అందరూ ఆ యాసకి ఆయన్ని వెక్కిరిస్తారంటండి. తనలాగే మాట్లాడే మనిషి దొరికిందని సంబరపడి నవ్వారంట!"

సిగ్గుతో చచ్చిపోయాను. వెక్కిరింతలు తిన్న మనిషినే పట్టుకుని తిట్టాను. క్షమాపణ పదిసార్లు వల్లించుకుని మళ్లీ కాల్ చేశాను. నేను నోరు తెరిచేలోపే ఆయన, నాకోసమని ఒక్కో మాటా విడదీసి, ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు: "నా మీద ఇంకా కోపంగానే ఉందా?"

పెద్దాయన మాట్లాడుతున్నాడు కదా. నా వినయం నాకంటే ముందు పరిగెత్తింది.

"ఆయ్!"

పాపం, ఆయన బెదిరిపోయి రెండుసార్లు సారీ చెప్పి, ఉద్యోగం అక్కడికక్కడే ఖాయం చేశాడు. అందుకే పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ప్రశ్న పూర్తిగా అర్థం కాకుండా ఇక జన్మలో ఆయ్ అనను. అర్థమైతే మాత్రం, ఎవరు నవ్వినా మానను.