కానాగంతల డబ్బాలో గోరు

బర్బాతె రేవులోని చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ప్రతి సోమవారం గోళ్ల తనిఖీ ఉండేది. యాభై మంది ఆడవాళ్లు వరసగా నిలబడి చేతులు చాపేవారు. సూపర్‌వైజరు ఫ్రస్కీత ఒక్కో చేతినీ తిరగేసి చూసేది. గోరు వేలికొస దాటి కనిపిస్తే ఆ పూట పని లేనట్టే. ఉడికిన కానాగంత చేపల తోలు చేత్తోనే ఒలవాలి. గోరు పెరిగితే కండ చీరుకుపోతుంది.

ఒలీవా తొమ్మిదేళ్లుగా ఆ వరసలో నిలబడుతోంది. ఆమె గోళ్లు ఎప్పుడూ పొట్టిగా, శుభ్రంగా ఉండేవి. అందుకు ఆమెకేమీ సంతోషం లేదు. శనివారం సాయంత్రాలు బార్తోలో అనే మేనమామ ఊరి క్లబ్బులో పాడితే గిటారు వాయించేది ఆమే. ఆ ప్రాంతపు ఫ్లమెంకో పాటలకు వాయించే గిటారుకు కుడిచేతి గోళ్లే ప్రాణం. పిడికిట్లోంచి వేళ్లు ఒక్కొక్కటిగా విసిరితే గోళ్లు తీగల మీద వడగళ్లలా పడాలి. బొటనవేలు తీగను కిందికి కొట్టి, అదే గోటి వీపుతో పైకి మీటాలి. గోళ్లు లేని వాయింపు బూట్లు విప్పి ఉత్త మేజోళ్లతో నాట్యం చేసినట్టు చప్పుడే ఉండదని మేనమామ అనేవాడు. పాట మధ్యలో ఆపి మరీ అనేవాడు.

ఫ్యాక్టరీ మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. గిటారు మానేస్తే ఏమవుతుందో ఒలీవా ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక టేబుల్ టెన్నిస్ బంతి కొనుక్కుంది.

బంతికి పది గోళ్లు వచ్చేవి. కత్తెరతో కోసి, ఆకురాయితో అరగదీసి, శనివారం జిగురుతో అంటించుకునేది. బొటనవేలి గోరును మాత్రం తీగ మీంచి సులువుగా జారేలా ఎడమవైపుకు ఏటవాలుగా కోసేది. ఆదివారం గోళ్లరంగు తుడిచే మందులో వేళ్లు ముంచి అన్నీ ఊడదీసేది.

ఒక ఆదివారం ఎవరింట్లోనో బాప్తిస్మం విందుకు పొద్దుగూకేదాకా వాయించింది. ఇంటికొచ్చి చూసుకుంటే నాలుగు గోళ్లే ఉన్నాయి. బొటనవేలిది విందులో రాలిపోయిందనుకుంది. అది ఆమె ఉన్ని స్వెట్టరు చేతి మడతలో చిక్కుకుని ఉంది. సోమవారం అదే స్వెట్టరు మీద ఏప్రాన్ కట్టుకుని పనికెళ్లింది.

నలభై రోజుల తర్వాత జరగోజా ఊళ్లోని ఒక కొట్టు నుంచి ఒక డబ్బా తిరిగొచ్చింది, లోపల గోరుతో సహా. దాంతోపాటు ఒక ఉత్తరం. అది మర్యాదగా లేదు.

ఫ్రస్కీత ఆ గోరును కాఫీ సాసరులో పెట్టి పట్టుకొచ్చి, ఎవరిదని అడిగింది. ఆమె నేరుగా చారీ దగ్గరికి వెళ్లింది. చారీ ఆదివారాలు పెట్టుడుగోళ్లతో డాన్సులకు వెళుతుందని ఊరందరికీ తెలుసు. ఆ గోరు చారీ బొటనవేలికి దాదాపు సరిపోయింది. ఆ వరసలో ఇంకో పాతిక మందికీ అలాగే సరిపోయేది. ఫ్రస్కీత చారీతో ఆపేసింది.

"నావి ఎర్రవక్కా. ఇది తెల్లగా ఉంది," అంది చారీ.

"నూనెలో రంగు పోయింది."

"నా రంగు పోతే నీ కానాగంతలు ఎర్రబడాలిగా. జరగోజావాళ్లు ఆ సంగతి రాయలేదా?"

వరసలో నవ్వు లేచింది. ఫ్రస్కీత నవ్వలేదు. ఏప్రాన్ విప్పి ఇచ్చేయమంది. చారీ మొగుడి పడవ మూడు నెలలుగా రేవులోనే కట్టేసి ఉంది. ఇంట్లోకి వస్తున్న జీతం చారీది ఒక్కటే. ఆమె వీపు వెనక్కి చేతులు పెట్టి ముడి విప్పసాగింది.

ఒలీవా సాసరులోకి చూసింది. గోటి అంచు ఎడమకు వాలి ఉంది. తనింట్లో జీతమూ ఒక్కటే. చారీ ముడి సగం వదులైంది.

"అది నాదక్కా," అంది ఒలీవా.

తొమ్మిదేళ్లలో ఆమె గొంతు వినడం కొందరికి అదే మొదటిసారి.

"నీ చేతులు ప్రతి సోమవారం చూస్తూనే ఉన్నాగదే."

"శనివారం చూళ్లేదుగా. అది సోకుకి పెట్టుకున్న గోరు కాదు. అంచు చూడు, తీగ ఒరుసుకున్న గాడి ఉంది."

ఫ్రస్కీత కళ్లజోడు పెట్టుకుని చూసింది. గాడి ఉంది. దాంతో ఏం చేస్తావో చూపించమంది. ఒలీవా చేపల బల్ల అంచు మీద బొటనవేలు కిందికి కొట్టి, పైకి లేపి, మళ్లీ కొట్టింది.

"చప్పుడు రాదేంటే?" అంది చారీ.

"గోరు సాసర్లో ఉందిగా."

చారీని ముడి మళ్లీ వేసుకోమన్నారు. మేనేజరు ఒలీవాను పంపించేయమన్నాడు. తొమ్మిదేళ్లలో ఈ పిల్ల డబ్బాలో ఒక్క ముల్లు కూడా మిగల్లేదని ఫ్రస్కీత అతనితో వాదించి, అట్టపెట్టెల విభాగానికి మార్పించింది. ఇక పెట్టుడుగోళ్ల జోలికి పోనని అందరి ముందూ ఒట్టు వేయించుకుంది.

అట్టపెట్టెల దగ్గర గోళ్ల తనిఖీ లేదు. ఒలీవా రెండు రోజులు సంతోషంగా ఉంది. మూడో రోజుకి తెలిసింది, గోళ్లకు ఉప్పునీళ్ల కంటే అట్టముక్కే పెద్ద శత్రువని. నెల తిరిగేసరికి నాలుగు వేళ్ల గోళ్లూ విరిగాయి. పెట్టె మడిచేటప్పుడు బొటనవేలు ఎడంగా ఉంటుంది కాబట్టి దాని గోరు మాత్రం పెరిగింది.

ఆ ఏడాదంతా ప్రతి పాటనూ బొటనవేలు ఒక్కదానితోనే వాయించేలా దింపుకుంది. మొదటి శనివారం మేనమామ పాట ఆపి ఆమె చేతివైపు చూశాడు. మేజోళ్ల సంగతి మానేసి పాటే మళ్లీ ఎత్తుకున్నాడు.

మరుసటి ఎండాకాలం ఫ్లమెంకోకు పేరున్న హెరెస్ ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ముందు వరసలో కూర్చుని విన్నాడు. పాటలయ్యాక దగ్గరికొచ్చి, ఒక్క బొటనవేలితో వాయించే ఈ పాతకాలం పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగాడు. ఫ్యాక్టరీలో, అట్టపెట్టెల దగ్గర అని చెప్పింది ఒలీవా. ఆయన తలాడించి, ఇప్పటి పిల్లలకు ఆ ఓపిక లేదన్నాడు.