క్యాంపర్‌లో ఎక్కువైన ఎనభై కిలోలు

దెయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఈ సంగతి జరిగాక కూడా వచ్చిందని చెప్పలేను. నేను నమ్మేది కాటాని. పద్దెనిమిదేళ్ళుగా మెల్‌బోర్న్‌లో ఒక ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. మిల్లీగ్రాము తేడా వస్తే మళ్ళీ తూచే అలవాటు. అందుకే ఇందులో నేను చూసినవాటి కంటే తూచినవే ఎక్కువ ఉంటాయి. ఇంకో మాట. ఇది భయంతో రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మేం ఉండేది మెల్‌బోర్న్ పడమటి శివారు ట్రుగనీనాలో. నేను, మా ఆయన కిరణ్, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి ఆద్య. పోయిన ఏడాది కిరణ్‌కి క్యాంపర్ పిచ్చి పట్టింది. క్యాంపర్ అంటే కారు వెనక తగిలించుకుని వెళ్ళే చిన్న గది. లోపల రెండు పరుపులు, ఒక పొయ్యి, ఒక సింకు. మాది చిన్న ఎస్‌యూవీ. అది పెద్ద బరువులు లాగలేదు. తేలికపాటిది దొరికితేనే సరే అన్నాను. కారు పుస్తకం చదివి, ఎంత బరువు లాగొచ్చో, కారు వెనక కొక్కెం మీద ఎంత బరువు పడొచ్చో ఫ్రిజ్ మీద రాసి అంటించాను. కిరణ్ నవ్వాడు. నవ్వుకోనిచ్చాను.

బాకస్ మార్ష్ దాటాక ఒక పల్లెలో మాకు సరిపోయేది దొరికింది. అమ్మిన ఆయన పేరు గ్రేమ్. డెబ్బై ఏళ్ళు ఉంటాయి, ఒక్కడే ఉంటున్నాడు. మంచివాడిలా కనిపించాడు. కొక్కెం ఎలా తగిలించాలో, గొలుసులు ఎలా అడ్డంగా వెయ్యాలో, దారిలో ఊగితే ఏం చెయ్యాలో, బరువైన సామాను చక్రాల మీదుగా మధ్యలో ఎందుకు సర్దాలో గంటసేపు ఓపిగ్గా చూపించాడు. అంతసేపూ బయటే నిలబడి చెప్పాడు తప్ప క్యాంపర్ లోపల కాలు పెట్టలేదు. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాను.

బయలుదేరే ముందు రోజు సామానంతా తూచాను. గిన్నెలు, నీళ్ళ డబ్బాలు, గ్యాస్ సిలిండరు, దుప్పట్లు, బియ్యం డబ్బాతో సహా. ఒక్కొక్కటీ కాగితం మీద రాశాను. ఖాళీ క్యాంపర్ బరువు దాని పలక మీదే ఉంది. రెండూ కలిపితే తొమ్మిది వందల ఇరవై కిలోలు రావాలి. దారిలో, బాలరట్ దగ్గర, ఒక కంకర క్వారీలో లారీలు తూచే వేబ్రిడ్జి ఉంది. కారు నుంచి విడదీసి క్యాంపర్‌ని మాత్రమే కాటా మీద పెట్టాం. వెయ్యి కిలోలు చూపించింది.

"ఎనభై ఎక్కువ," అన్నాను.

"పలక మీద నంబర్లు ఎప్పుడూ తక్కువే రాస్తారు సుధా. తర్వాత బ్యాటరీ పెట్టించుంటాడు, పందిరి వేయించుంటాడు. లిమిట్‌లోనే ఉన్నాం కదా. లీవ్ ఇట్," అన్నాడు కిరణ్.

ఆ మాటలో తప్పు లేదు. నిజంగానే చాలామంది అలా పెట్టిస్తారు. కొక్కెం మీద పడే బరువు కూడా అక్కడే చిన్న తూకంతో చూశాను. తొంభై వచ్చింది. సరిగ్గా ఉంది. చీటీ పర్సులో పెట్టుకుని బయలుదేరాం. గ్రాంపియన్స్ కొండల దగ్గర రెండు రాత్రులు ఉండాలని మా ప్లాన్.

బోఫర్ట్ ఊరు దాటాక, మిట్టమధ్యాహ్నం, దిగుడు రోడ్డు మీద ఒక లారీ మమ్మల్ని దాటింది. ఆ గాలికి క్యాంపర్ ఊగడం మొదలైంది. మొదట కొంచెం. తర్వాత కారు వెనక భాగాన్ని ఎవరో రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఈడుస్తున్నట్టు. కిరణ్ కాలు బ్రేకు మీదకి వెళ్ళడం చూశాను.

"బ్రేక్ కొట్టకు! స్టీరింగ్ కదపకు! యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్!" అని అరిచాను.

తీశాడు. ఊగి ఊగి, తెల్లగీత దాటి, చివరికి నెమ్మదించింది. వెనక సీట్లో ఆద్య ముందు సీటుని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది.

కాస్త దూరంలో ఒక విశ్రాంతి స్థలం కనిపిస్తే అక్కడ ఆపాం. సిమెంటు నేల, ఒక బల్ల, ఒక చెత్తడబ్బా, చుట్టూ గోధుమ పొలాలు. ఎవరూ లేరు. క్యాంపర్ విప్పి కొక్కెం బరువు మళ్ళీ చూశాను. యాభై. పొద్దున తొంభై ఉన్నది యాభైకి ఎలా పడిపోతుంది? లోపల ఏదో వెనక్కి జరిగితేనే పడుతుంది. వెనక బరువెక్కితే క్యాంపర్ ఊగుతుంది. గ్రేమ్ చెప్పిన మొదటి పాఠమే అది. తలుపు తీసి చూశాను. నేను కట్టిన తాళ్ళు కట్టినట్టే ఉన్నాయి. ఒక్క డబ్బా కూడా కదల్లేదు.

నా కోపమంతా కిరణ్ మీద పడింది.

"నాకు తెలీకుండా ఏం పెట్టావ్? క్రికెట్ కిట్టా? నీ డంబెల్సా? చెప్పు!"

"ఏం పెట్టలేదు సుధా. మా అమ్మ మీద ఒట్టు."

"ఒట్లు వద్దు. మొత్తం దించు."

మొత్తం దించాం. ఆ ఎండలో, ఆ సిమెంటు మీద, చివరి చెంచా వరకూ. ఆద్య కారు అద్దం దించి, "మమ్, ఆర్ యూ గైస్ ఫైటింగ్?" అని అడిగింది. ఇద్దరం దించుతూనే ఉన్నాం.

ఖాళీ క్యాంపర్ ఎడమవైపు వెనక మూల కిందికి వంగి ఉంది. చక్రానికీ పై రేకుకీ మధ్య కుడివైపు నాలుగు వేళ్ళు పడుతుంటే, ఎడమవైపు రెండే పడుతున్నాయి. నేల వాలుగా ఉందేమోనని ఇద్దరం కలిసి తోసి చుట్టూ తిప్పాం. ఎటు తిప్పినా ఎడమ మూలే వంగింది. అక్కడ ఉన్నది ఒక పరుపు. పరుపు తీశాం. కింద చెక్క తీశాం. ఏమీ లేదు.

అప్పుడు గ్రేమ్‌కి ఫోన్ చేశాను. బండి ఊగిందని మాత్రమే చెప్పాను. ఏ వైపు అన్నది చెప్పలేదు. ఇది నాకు బాగా గుర్తుంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది, కిరణ్ కూడా విన్నాడు.

 గ్రేమ్ ఇంగ్లీషులో, "ఎడమ పరుపు వైపా?" అన్నాడు.

అవునన్నాను. ఆయనే చెప్పాడు. రెండేళ్ళ కిందట ఒక ప్రయాణంలో ఆయన భార్య జూన్ ఆ పరుపు మీదే నిద్రలో పోయిందట. పొద్దున టీ పెట్టి లేపితే లేవలేదట. తర్వాత క్యాంపర్ ఎప్పుడు తూచినా ఆమె అంత బరువు ఎక్కువ వచ్చేదట. మూడు చోట్ల తూకం వేయించాడట.

"తెలిసి అమ్మారా మాకు? నా కూతురు కారులో ఉంది. ఇప్పుడే రోడ్డు మీంచి పక్కకి పడిపోయేవాళ్ళం!"

"ఆమె ఎవరికీ కీడు చెయ్యదు. మాకు పిల్లలు లేరు. చిన్నపిల్ల ఉన్న ఇంటికి వెళ్తే తనకి బాగుంటుందనుకున్నాను."

 ఆయన భార్యకి తోడు కావాలని నా పిల్లని ఆ బండి ముందు కూర్చోబెట్టాడు. ఊగితే ఏం చెయ్యాలో కూడా చెప్పాడు. ఎందుకు ఊగుతుందో చెప్పలేదు. ఫోన్ పెట్టేశాను.

తర్వాత నేను చేసిన పనికి నాకే ఆశ్చర్యం. నమ్మి చెయ్యలేదు. ఎవరి మీదో ఒకరి మీద అరవాలి, అంతే. తలుపు దగ్గర నిలబడి, ఖాళీ చెక్క మంచం వైపు చూస్తూ అరిచాను.

"దిగండి! మీరెవరైనా సరే, ఇది మీ బండి కాదిప్పుడు. నా పిల్లని చంపేద్దామనుకున్నారా? దిగండి ముందు!"

అంత కోపంలోనూ పెద్దావిడని 'అండి' అన్నాను. తెలుగులోనే అరిచాను. కోపమొస్తే నాకు ఇంగ్లీషు రాదు.

బండి కింద స్ప్రింగులు మూలిగాయి. తలుపు కింద మడత మెట్టు ఒకటి ఉంటుంది. అది కిందికి వంగి మళ్ళీ లేచింది. మనిషి కాలు పెట్టి దిగితే వంగినట్టే. ఒక్కసారే. గాలి లేదు. కిరణ్ నా పక్కనే ఉన్నాడు. ఇద్దరం రెండడుగులు వెనక్కి వేశాం, ఎవరికో దారి ఇచ్చినట్టు.

ఎడమ చక్రం పైన నాలుగు వేళ్ళు పట్టాయి.

సామానంతా మళ్ళీ అలాగే సర్దాం.  అరారట్ బయట ధాన్యం గోదాముల దగ్గర మరో వేబ్రిడ్జి ఉంటే అక్కడ తూకం వేయించాం. తొమ్మిది వందల ఇరవై. రెండు చీటీలూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి. పరుపులు అవే, సిలిండరు అదే, బియ్యం డబ్బా అదే.

ఆ రెండు రాత్రులూ కొండల దగ్గరే ఉన్నాం. ఆద్య కంగారూలని చూసి ఆడుకుంది. బండి మళ్ళీ ఊగలేదు.

వారం తర్వాత ఒక ఆదివారం పొద్దున గ్రేమ్ ఫోన్ చేశాడు. తీసి, దాచుకున్న తిట్లన్నీ తిట్టాను. పోలీసులకి చెప్తానన్నాను. ఆయన ఒక్కమాటకీ అడ్డు చెప్పలేదు. అంతా అయ్యాక, "తను ఇంకా అందులోనే ఉందా?" అన్నాడు.

"లేరు. దించేశాను," అన్నాను.

"ఎక్కడ?"

ఆ గొంతు విని చెప్పకుండా ఉండలేకపోయాను. బోఫర్ట్ దాటాక, ఎడమవైపు, బల్ల ఉన్న చోట అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

గంటన్నర తర్వాత మళ్ళీ చేశాడు. వెనక లారీల చప్పుడు వినిపిస్తోంది. అక్కడికే వెళ్ళాడు. కారు తలుపు తీసి పెట్టి పిలుస్తున్నాడట. ఎంత పిలిచినా ఏమీ లేదట.

"మీరు ఏ భాషలో దిగమన్నారు?"

చెప్పాను.

"అయితే ఆ భాషలోనే ఎక్కమనండి. మీరు కోప్పడ్డారని తను అలిగి ఉంటుంది. నా మాట వినడం లేదు. ప్లీజ్."

వంటింట్లో నిలబడి ఉన్నాను. పొయ్యి మీద ఉప్మా మాడుతోంది. కిరణ్ వచ్చి స్టవ్ కట్టేసి నా మొహం చూశాడు. ఆ మనిషి మీద నాకు జాలి లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆవిడని రోడ్డు పక్కన దించింది నేను. ఆవిడ నన్నేమీ అడగలేదు.

"రండమ్మా," అన్నాను ఫోన్లో. "ఎక్కండి. మీ ఆయన వచ్చారు."

కాసేపు లారీల చప్పుడే. తర్వాత ఫోన్లో గంట మోగడం మొదలైంది. పక్క సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే కార్లలో టింగ్ టింగ్ అని మోగుతుందే, ఆ గంట. మోగుతూనే ఉంది. గ్రేమ్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. క్లిక్‌మని బెల్టు పెట్టిన చప్పుడు వినిపించింది. గంట ఆగిపోయింది.

ఆయన థాంక్స్ చెప్పలేదు. క్షమించమని కూడా అడగలేదు. కారు కదిలిన చప్పుడు వినిపించింది, ఫోన్ కట్ అయింది.

తర్వాత నేను రెండుసార్లు ఆ నంబరుకి చేశాను, ఇంకా తిట్టాల్సింది ఉందని. ఎవరూ తీయలేదు. ఆ ఎనభై కిలోలు ఏమిటో నాకు తెలియదు. కిరణ్‌ని అడిగితే మాట మార్చేస్తాడు. ఆ బెల్టు గ్రేమే పెట్టి ఉండొచ్చు. పెట్టాడనే అనుకుంటాను. కానీ అప్పటిదాకా ఆ గంట మోగించిందెవరో చెప్పలేను.